లేయర్స్ పది రోజులకే అణిగిపోతున్నాయా?

ప్రశ్న: అక్కా, నేను మియాపూర్‌లో ఉంటాను. నెల కిందట లేయర్ కట్ (పైజుట్టు పొట్టిగా, కిందికి పొడవుగా అంచెలంచెలుగా కత్తిరించేది) చేయించుకున్నాను. పార్లర్‌లో బ్లో డ్రై చేసి పంపిన రోజు ఎంత బాగుందో! పది రోజులు తిరిగేసరికి పైజుట్టంతా నెత్తికి అతుక్కుపోయి, చివర్లేమో తలోదిక్కు తిరుగుతున్నాయి. మెట్రో స్టేషన్ దాకా స్కూటీ మీద వెళ్తాను కాబట్టి హెల్మెట్ తప్పదు. ఇంట్లో బోరు నీళ్లు. శనివారం రాత్రి అమ్మ తలకి నూనె పట్టించందే ఊరుకోదు. మాటిమాటికీ పార్లర్‌కి డబ్బు పెట్టలేను. ఏం చేయను?

జవాబు: ముందు టెన్షన్ పడకండి, మీ కట్ ఎక్కడికీ పోలేదు. జుట్టు నెలకి సెంటీమీటరో, ఇంకాస్తో పెరుగుతుంది, అంటే పది రోజుల్లో పెరిగేది మూడు నాలుగు మిల్లీమీటర్లే. దానికి లేయర్స్ చెదిరిపోవు. బోరు నీళ్ల ఉప్పులు, నూనె బరువుకి అణిగిపోయాయి, అంతే. పైవరస పొట్టిగా, తేలిగ్గా ఉంటేనే పైకి లేచి ఒత్తుగా కనిపిస్తుంది, అందుకే ఆ బరువు తీయడం మీదే దృష్టి పెట్టండి.

బోరు నీళ్లతో మొదలుపెడదాం. మీ బాత్రూమ్‌లో షవర్ చిల్లుల చుట్టూ, బకెట్ అంచున తెల్లగా గరుకు పొర కట్టి ఉంటుంది చూడండి, ఆ కాల్షియం, మెగ్నీషియం ఉప్పులే జుట్టుకీ పడతాయి. షవర్‌కి బిగించే ఫిల్టర్లు క్లోరిన్‌ని తగ్గిస్తాయేమో గానీ ఈ ఉప్పుల్ని పెద్దగా తీయలేవు, వాటికి డబ్బు పెట్టకండి. పదిహేను రోజులకోసారి క్లారిఫైయింగ్ షాంపూ (జుట్టుకి పేరుకున్న పొరని కడిగేసేది) వాడండి, తలస్నానం అయ్యాక చివర్లో రెండు మగ్గుల తాగే ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు పోసుకోండి. కండిషనర్ చెవుల కింది నుంచి చివర్లకే రాయాలి, మాడుకి తగలనివ్వకూడదు.

అమ్మతో గొడవ వద్దు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి వెళ్లి ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది, ఆవిడ మాటలో నిజముంది. కాకపోతే రాత్రంతా కాకుండా తలస్నానానికి గంట ముందు, మాడుకి కాకుండా చివర్లకి, అరచేతిలో చెంచాడు చాలు అని నచ్చజెప్పండి.

హెల్మెట్ విషయానికొస్తే, తడి జుట్టు మీద మాత్రం పెట్టుకోకండి, ఎలా నొక్కుకుంటే అలాగే ఆరిపోతుంది. నేనొక పని చేస్తాను: బయల్దేరేటప్పుడు పాపిడి రోజూ తీసే వైపు కాకుండా రెండో వైపు తీస్తాను, హెల్మెట్ తీశాక తల వంచి వేళ్లతో కుదుళ్లు కదిపి మళ్లీ మామూలు వైపుకి మార్చుకుంటాను. అణిగిన కుదుళ్లు వెంటనే లేస్తాయి, అద్దం కూడా అక్కర్లేదు.

ఆరబెట్టేటప్పుడు తువ్వాలుతో రుద్దకండి, పాత కాటన్ టీషర్టుతో ఒత్తండి. ముప్పాతిక ఆరాక నడినెత్తిన రెండు మూడు వెల్క్రో రోలర్లు (జుట్టుకి వాటంతటవే అంటుకునే గరుకు గొట్టాలు) చుట్టి టిఫిన్ పని చూసుకోండి, పూర్తిగా ఆరాకే విప్పండి. డ్రయ్యర్ ఉంటే నుదుటి వైపు జుట్టుకి మాత్రం రౌండ్ బ్రష్‌తో ఐదు నిమిషాలు, ఆఖర్న చల్లగాలి పెట్టాలి, ఎందుకంటే జుట్టు చల్లబడుతున్నప్పుడే ఆ వంపు నిలుస్తుంది.

ఇలా చూసుకుంటే ఎనిమిది నుంచి పది వారాలకోసారి ట్రిమ్మింగ్ సరిపోతుంది. ప్రతి లేయర్ చివరా అరంగుళం లోపే తీయమని ముందే గట్టిగా చెప్పండి. ఇంట్లో కత్తెర మాత్రం పట్టకండి! తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక మీరనుకున్న దానికంటే పైకి పోతుంది.

ప్రశ్న: లేయర్స్ వల్ల జడలోంచి వెంట్రుకలు బయటికి పొడుచుకొస్తున్నాయి. వచ్చే నెల అక్క పెళ్లి.

జవాబు: తలంటుకున్న రోజు జుట్టు జారిపోతుంది, అందుకే ముందురోజే తలస్నానం చేసేయండి. జడ అల్లేటప్పుడు వేళ్లకి రెండు చుక్కల సీరం రాసుకుని, పొట్టి లేయర్‌ని ప్రతి పాయలోనూ లోపలివైపుకి మడవండి. చెంపల దగ్గర రాలే రెండు పాయల్ని మాత్రం అలాగే వదిలేయండి, పూలజడకి అవే అందం.