ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను, అయినా బూట్ కావడం లేదు. ఎందుకు?

విజయవాడలో మీ నాన్నగారి దుకాణంలోని పాత డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశానని, కంప్యూటర్ మాత్రం ఎప్పటిలాగే విండోస్‌లోకి వెళ్తోందని రాశారు. పెన్‌డ్రైవ్ పాడైందని అనుకోకండి. ఐఎస్ఓ ఒక డిస్కు మొత్తానికి నకలు. దాన్ని కాపీ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఒక పెద్ద ఫైలు చేరుతుంది, అంతే. కంప్యూటర్‌కు కావలసిన బూట్ లోడరు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం, ఆ ఫైలు లోపలే ఉండిపోతుంది. అందుకే రూఫస్ వంటి ప్రోగ్రాంతో దాన్ని పెన్‌డ్రైవ్ మీద రాయించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలవీ ఉంటే ముందే తీసిపెట్టుకోండి.

గుంటూరు బ్రాడీపేటలో మా చుట్టుపక్కల పిల్లలకు పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి ఇస్తుంటాను. నేను చూసినంతలో చాలామందికి చిక్కు వచ్చేది రూఫస్ వాడటంలో కాదు, తమ కంప్యూటర్ ఏ తరానిదో చూసుకోకపోవడంలో. రూఫస్‌లో ‘పార్టిషన్ స్కీమ్’ (డిస్కును భాగాలు చేసే పద్ధతి) అనే గడి ఉంటుంది. స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాంలో పాత రకం బయాస్, కొత్త రకం యూఈఎఫ్ఐ. పాత బయాస్ యంత్రమైతే అక్కడ ఎంబీఆర్, యూఈఎఫ్ఐ ఉన్నదైతే జీపీటీ ఎంచుకోవాలి. మీది ఏదో తెలియాలంటే విండోస్ రన్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొట్టండి. ‘బయాస్ మోడ్’ ఎదురుగా లెగసీ (అంటే పాత బయాస్) అనో యూఈఎఫ్ఐ అనో కనిపిస్తుంది.

రాయించే ముందు ఫైలు సరిగా దిగిందో లేదో చూడండి. మధ్యలో నెట్ తెగితే ఫైలు పైకి బాగానే ఉంటుంది, ఇన్‌స్టలేషన్ మాత్రం సగంలో ఆగిపోతుంది. మింట్ వాళ్లు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ256 విలువతో (ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది) మీ ఫైలు విలువ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ అనే కమాండు ఆ విలువ లెక్కగట్టి చెబుతుంది.

స్విచ్ వేయగానే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పాత డెస్క్‌టాప్ కదా, పెన్‌డ్రైవ్‌ను క్యాబినెట్ వెనుక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. ముందువైపు పోర్టులు వైర్లు వదులై మొరాయించడం చాలాసార్లు చూశాను.

రెండు మూడు రకాల లినక్స్ పరీక్షించాలనుకుంటే వెంటాయ్ అనే ప్రోగ్రాం హాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒకసారి వేసుకుంటే, ఆ తర్వాత ఐఎస్ఓలను మామూలుగా కాపీ చేసినా చాలు.

అన్నిటికంటే నాకు ఆందోళన కలిగిస్తున్నది దుకాణం లెక్కలు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి లినక్స్‌కు మారాలనుకోవడం సబబే. అయితే లెక్కలు టాలీలో ఉంటే, అది విండోస్ కోసం చేసిన ప్రోగ్రాం. మింట్ బూట్ అయ్యాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. లైవ్ పద్ధతిలో, హార్డ్‌డిస్కును తాకకుండానే ప్రింటరు, నెట్ పనిచేస్తున్నాయో లేదో చూడవచ్చు. లెక్కల బ్యాకప్ వేరే డిస్కులోకి తీసి, దాన్ని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసి, నాన్నగారు సరేనన్నాకే ఇన్‌స్టాల్ చేయండి.