రిపోర్టు మా ఆయనది, అడిగేది మాత్రం నన్ను

పెళ్లై ఆరేళ్లయిందన్నారు. రిపోర్టులో మీవారికి వీర్యకణాలు లేవని వచ్చింది, అది అత్తగారికి చెప్పనని ఆయన మీ దగ్గర మాట తీసుకున్నారు, ఆమేమో మిమ్మల్నే అంటున్నారు. డోనర్ (దాత) వీర్యంతో గర్భం కోసం చేయించుకోవాలా అని కూడా అడిగారు. ఇవన్నీ మేమూ పడ్డాం కాబట్టి రాస్తున్నాను.

మేముండేది తిరుపతిలో. చుట్టాల్లో ఎవరి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా ముందు మా ఇంట్లోనే దిగుతారు. వాళ్లకు టిఫిన్లు పెట్టి కొండకు పంపేది నేనే. "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా? కొండ కిందే ఉన్నారు, మొక్కుకోలేదా?" అని నన్నే అడుగుతారు. మా ఆయన్ని ఎవరూ అడగరు. చిత్తూరులో ఆడబిడ్డ సీమంతానికి అందరితో గాజులు వేయించారు, నన్ను పిలవలేదు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ రాత్రే మా ఆయన వాళ్లమ్మను కూర్చోబెట్టి, "లోపం నాలో ఉందమ్మా, తననేమీ అనొద్దు" అన్నారు. మా అత్త చాలా రోజులు బాధపడింది. తర్వాత ఎవరైనా అడిగితే "డాక్టర్లు చూస్తున్నారులే" అని తనే మాట మార్చేది.

రిపోర్టులో ఏముందో దాచుకునే హక్కు మీవారికి ఉంది. ఆ నింద మీరు మోయాలనే హక్కు మాత్రం ఆయనకు లేదు. "ఇద్దరికీ వైద్యం జరుగుతోంది, తనని అడగొద్దు" అంటే చాలు, కానీ ఆ మాట ఆయన నోటితోనే రావాలి. వీర్యకణాలకూ మగతనానికీ సంబంధం లేదని ఆయనకు డాక్టర్ చేత చెప్పించండి. ఈ భయంతోనే మగవాళ్లు లోలోపల కుంగిపోతారు.

ఒక్క రిపోర్టుతో డోనర్ దాకా వెళ్లకండి. 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించాలి. కణాలు సున్నా అని వచ్చినా కొందరికి వృషణం నుంచి కణాలు తీసి ఇక్సీ చేస్తారు, అంటే ల్యాబ్‌లో ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కిస్తారు. చిత్తూరు వైపు వాళ్లకైతే వేలూరు ఆసుపత్రి దగ్గరే కదా, అక్కడ ఇంకో అభిప్రాయం తీసుకోవచ్చు.

డోనరే దారి అయితే, సంతాన సాఫల్య చికిత్సల మీద 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలి. వీర్యం నమోదైన బ్యాంకు నుంచే వస్తుంది, దాత ఎవరో మీకు తెలియదు, బిడ్డ చట్టప్రకారం మీ ఇద్దరి బిడ్డే. "మరిదిది తీసుకోండి, గుట్టు ఇంట్లోనే ఉంటుంది" అని మాకు ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. అలాంటి మాట అస్సలు వినకండి.

మా ఆయన డోనర్ వద్దన్నారు, నేను బలవంతపెట్టలేదు. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాం, ఇంకా మా వంతు రాలేదు. మీరు వేరే నిర్ణయం తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే మీవారు వాళ్లమ్మకు భయపడి సరే అంటుంటే ఆగండి. సంతకాలకు ముందు కౌన్సెలర్‌తో ఆయన్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మా ఆయన నా ముందు అనలేని "వద్దు" అక్కడే అనగలిగారు.