అమ్మ కనపడకుండా పోయే థ్రిల్లర్లలో ఏవి చదవాలి? మా ఇంట్లో ఒక మంగళవారం జరిగింది, ఆ తర్వాత నేను చదివినవి

మీరు అడిగింది ఇది: అమ్మ హఠాత్తుగా కనపడకుండా పోవాలి, వెతికేకొద్దీ ఇంట్లో దాచిన విషయాలు బయటికి రావాలి, రక్తపాతం వద్దు, అలాంటి సస్పెన్స్ నవలలు ఏవి, వాటిలో మంచివి ఎలా పోల్చుకోవాలి అని. ఈ రకం పుస్తకాలు నేను పన్నెండేళ్ళకు పైగా వెతికి వెతికి చదువుతున్నాను. కారణం మా ఇంట్లోనే ఉంది కాబట్టి ముందు అది చెప్తాను, లేకపోతే నేను ఏ పుస్తకాన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానో మీకు అర్థం కాదు.

మాది నెల్లూరు వైపు, కానీ నేను పుట్టి పెరిగింది చెన్నై సైదాపేటలో. 2011లో ఒక మంగళవారం. అమ్మ ప్రతి మంగళవారం పొద్దున్నే వంట ముగించి వడపళని మురుగన్ గుడికి వెళ్ళి పన్నెండింటికల్లా ఇంట్లో ఉండేది. ఆ రోజు రాలేదు. ఫోన్ చేస్తే ఫ్రిజ్ మీదే మోగింది. రద్దీగా ఉందేమో, ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడ్డారేమో అని నాన్న సాయంత్రం దాకా ఓపిక పట్టి అప్పుడు నాకు ఫోన్ చేశారు, నేను ఆఫీసు నుంచి నేరుగా గుడికి వెళ్ళాను. గుడి బయట పూలమ్మే ఆవిడకి అమ్మ ఎలా ఉంటుందో వివరంగా చెప్పాను. అలాంటి మనిషి ప్రతి మంగళవారం వచ్చినట్టు తనకి గుర్తు లేదంది. ఆ మాట అప్పుడు నాకు చెవికెక్కలేదు.

రాత్రి ఎనిమిదికి పోలీస్ స్టేషన్. అక్కడి కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. "పుడవై ఎన్న కలర్?" అని, అంటే చీర ఏ రంగు అని తమిళంలో మొదలుపెట్టాడు. ఏ చీర కట్టుకుని వెళ్ళిందో నాన్న చూడలేదు, నేను అప్పటికే ఆఫీసుకి బయల్దేరిపోయాను. ఎత్తు ఎంత అంటే నేను నా చెవిదాకా అన్నాను, బెంగళూరులో ఉన్న అన్నయ్య ఫోన్లో కాదు అంతకంటే పొడుగే అన్నాడు. పుట్టుమచ్చలు? తెలియదు. ఎవరితో స్నేహం? పక్కింటి పిన్నిగారు తప్ప నాకు ఒక్క పేరూ రాలేదు. ఈమధ్య తీసిన ఫోటో అడిగితే అన్నయ్య పెళ్ళిలోది ఇచ్చాం, అందులో అమ్మ వెనక వరసలో సగం మొహం కనపడేలా నిలబడి ఉంది. చివర్లో, ఇంట్లో గొడవ ఏమైనా జరిగిందా అని అడిగాడు. నాన్న తల దించుకున్నారు. ఆదివారం ఏదో డబ్బు విషయంలో ఇద్దరూ మాటా మాటా అనుకున్నారట, నాకు తెలియనే తెలియదు. ఆ రాత్రి ఒక పావుగంట సేపు నేను మా నాన్నని అనుమానించాను. ఈ మాట ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంకో ఫోటో ఏదైనా దొరుకుతుందేమో అని బీరువా వెతుకుతుంటే అమ్మ ఖర్చుల పుస్తకాలు బయటపడ్డాయి. పాలు, గ్యాసు, కరెంటు, చీటీ డబ్బు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ప్రతి నెలా ఒకచోట "పె. 300" అని ఉంది. నాన్నని అడిగితే పెరుగు అన్నారు, నెలాఖరున ఆ లెక్క ఎప్పుడూ చూసేది ఆయనే. కానీ మా ఇంట్లో పాలు తోడు పెట్టుకుంటాం, పెరుగు కొన్నట్టు నాకు గుర్తే లేదు. పాత పుస్తకాలు తీశాను. ముందు 50, తర్వాత 100, ఆ తర్వాత 200, అలా పెరుగుతూ వచ్చింది. అంటే ఎన్నో ఏళ్ళుగా ఎవరికో డబ్బు వెళ్తోంది. అర్ధరాత్రి ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే నా చేతులు వణికాయి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి అమ్మ వచ్చింది. పక్కన ఇరవయ్యేళ్ళ కుర్రాడు, అచ్చం మా చిన్న మామయ్య నుదురు. గేటు దగ్గరే నిలబడి "అక్కకి రాత్రి ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో ఉన్నాం" అంది. నాన్న "ఏ అక్క?" అన్నారు. పెళ్ళయి ముప్పయ్యేళ్ళు.

అమ్మ ముగ్గురన్నదమ్ముల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల అనే మేం వింటూ పెరిగాం. నిజానికి పైన ఒక అక్క ఉంది, వేరే కులం అతన్ని పెళ్ళి చేసుకుని మద్రాసు వచ్చేసింది, తాతయ్య బతికున్న కూతురికి తిలోదకాలు వదిలి ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదన్నాడు. అమ్మ మద్రాసు కోడలిగా వచ్చాక ఆవిణ్ణి ఎలా వెతికి పట్టుకుందో ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. నెలకో మంగళవారం సైదాపేటలో లోకల్ ఎక్కి, పార్క్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో, అక్క ఉండే ఆవడికి బండి పట్టుకునేది. మిగతా మంగళవారాలు వీలైతే గుడి, లేకపోతే ఆవడే. "పె" అంటే పెద్దక్క.

ఇక పుస్తకాల సంగతి.

మొట్టమొదట చదవాల్సింది కొరియా రచయిత్రి క్యుంగ్-సూక్ షిన్ రాసిన 'ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మామ్'. కొరియన్లో 2008లో వచ్చింది, ఇంగ్లీష్ అనువాదం 2011లో. ఆ ఏడాదికి మ్యాన్ ఏషియన్ లిటరరీ ప్రైజ్ కూడా వచ్చింది. పల్లెటూరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన ముసలి దంపతులు, సియోల్ స్టేషన్ రద్దీలో భర్త రైలెక్కేస్తాడు, భార్య ప్లాట్‌ఫారమ్ మీదే ఉండిపోతుంది. అంతే, ఆమె మళ్ళీ కనపడదు. పిల్లలు కరపత్రం రాయడానికి కూర్చుంటే అమ్మ పుట్టిన సంవత్సరం దగ్గరే ఆగిపోతారు, కాగితాల్లో ఒకటి, తండ్రి చెప్పేది ఇంకొకటి. నేను ఆ పేజీలు చదువుతూ పుస్తకం మూసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను, పోలీస్ స్టేషన్‌లో ఆ బల్ల ముందు కూర్చున్నట్టే అనిపించింది. కొన్ని భాగాలు "నువ్వు" అంటూ సాగుతాయి, కూతుర్ని, భర్తని పట్టుకుని నువ్వు ఇలా చేశావు, నువ్వు అప్పుడు చూడలేదు అన్నట్టు. మొదట్లో విచిత్రంగా ఉంటుంది, ఇరవై పేజీలు ఓపిక పట్టండి. హంతకుడు, పోలీసు, ఛేజింగ్ ఏవీ ఉండవు. అయినా పేజీ తిప్పకుండా ఉండలేరు, ఎందుకంటే ప్రతి అధ్యాయంలోనూ ఆమె గురించి ఇంట్లోవాళ్ళకి తెలియని ఒక విషయం బయటపడుతుంది.

ఈ కథ అమ్మకి తెలుగులో చెప్పాను, రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తల్లికి చదవడం రాదు, ఆ సంగతి పిల్లలకి తెలియకుండా ఏళ్ళ తరబడి నెట్టుకొస్తుంది. అక్కడ ఆపించి అమ్మ ఒక్కటే అడిగింది: "పెద్ద కూతురు రచయిత్రి అన్నావుగా, ఆ పిల్ల రాసినవి ఆవిడకి ఎవరు చదివి పెట్టేవాళ్ళు?"

మీకు అసలైన థ్రిల్లర్ నడకే కావాలంటే లియాన్ మోరియార్టీ 'యాపిల్స్ నెవర్ ఫాల్', 2021లో వచ్చింది. సిడ్నీలో టెన్నిస్ కోచింగ్ నడిపి రిటైరైన దంపతులు, పెద్దవాళ్ళయిన నలుగురు పిల్లలు. 69 ఏళ్ళ తల్లి ఒకరోజు పిల్లలకి అర్థం కాని మెసేజ్ ఒకటి పంపి మాయమవుతుంది. తండ్రి మొహం మీద గీతలు. నలుగురూ తండ్రిని అనుమానించాలా వద్దా అని నలిగిపోతారు. లావు పుస్తకం, మధ్యలో కాస్త సాగుతుంది, ఒక రాత్రి వాళ్ళ తలుపు తట్టి ఇంట్లో ఉండిపోయే అపరిచిత అమ్మాయి భాగాలు కొంచెం తగ్గించి ఉంటే బాగుండేది. కానీ నా పావుగంట ఆ పుస్తకంలో ఐదొందల పేజీల దాకా పరుచుకుని ఉంది, అందుకే నాకు అది చాలా దగ్గరిది. 2024లో సిరీస్‌గా కూడా వచ్చింది, ముందు పుస్తకమే చదవండి.

మరియా సెంపుల్ 'వేర్‌డ్ యూ గో, బెర్నాడెట్' (2012) మనసు తేలికపడాలనుకున్నప్పుడు. పదిహేనేళ్ళ కూతురు ఈమెయిళ్ళు, ఉత్తరాలు, బిల్లులు, స్కూలు నోటీసులు పోగేసి అమ్మ ఎక్కడికి వెళ్ళిందో తేల్చుకుంటుంది. నవ్విస్తుంది కూడా. ఖర్చుల పుస్తకం పట్టుకుని కూర్చున్న నాలాంటి వాళ్ళకి ఆ పద్ధతి బాగా పడుతుంది.

ఇక ఎలెనా ఫెరాంతే 'ట్రబులింగ్ లవ్'. ఇటాలియన్లో 1992 నాటిది. ఇందులో తల్లి దొరుకుతుంది, కానీ సముద్రంలో శవంగా. నేపుల్స్ నుంచి రోమ్‌కి కూతురి దగ్గరికి రైల్లో బయల్దేరిన మనిషి అక్కడ ఎలా తేలింది అన్నది ప్రశ్న. జీవితమంతా చిరుగులు కుట్టుకుని వేసుకున్న తల్లి ఒంటి మీద ఖరీదైన కొత్త లోదుస్తు ఉంటుంది, కూతురికి అక్కడే మొదలవుతుంది. చీర రంగు చెప్పలేకపోయిన నాకు ఆ వివరం ముల్లులా గుచ్చుకుంది. చిన్న పుస్తకమే, కానీ చాలా బరువు. చిన్నపిల్లల మీద జరిగే లైంగిక హింస ప్రస్తావన ఉంటుంది, అది చదవలేననుకుంటే దీన్ని వదిలేయండి, తప్పేం లేదు.

మంచివి ఎలా పోల్చుకోవాలి అన్నారు కదా. నేను మొదటి యాభై పేజీల్లో చూసేది ఒకటే, ఇంట్లోవాళ్ళు అమ్మ గురించి నమ్మకంగా చెప్పే మాటల్లో తప్పులు ఉన్నాయా లేవా అని. "అమ్మ ఎప్పుడూ ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళదు", "అమ్మకి ఎవరూ లేరు", ఇలాంటివి. ఆ తప్పుల్లోనే రహస్యం దాక్కుని ఉండాలి, పాఠకుడి కళ్ళ ముందే, మా "పె. 300" లాగా. చివరి పాతిక పేజీల్లో ఎక్కడి నుంచో ఊడిపడిన కవల చెల్లెలో, జ్ఞాపకశక్తి పోయిందనో, అమ్మకి మతి చెడిందనో చెప్పి ముగించే పుస్తకాలు ఈ రకంలో చాలా ఉన్నాయి, నాకు వాటి మీద నిజంగా కోపం వస్తుంది. ఒక మనిషి ముప్పయ్యేళ్ళు ఒక విషయం దాచిందంటే దాని వెనక భయమో ప్రేమో, సాధారణంగా రెండూ, ఉంటాయి. అది రాయకుండా కేవలం షాక్ కోసం తల్లిని మాయం చేస్తే మోసం చేసినట్టే. ఇంకో పరీక్ష, ముగింపు తెలిసిపోయాక మళ్ళీ చదవగలరా? షిన్ పుస్తకం నేను నాలుగుసార్లు చదివాను.

తెలుగులో ఇలాంటివి ఉన్నాయా అని కూడా అడిగారు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చెన్నై సెంట్రల్ స్టేషన్ దగ్గర అల్లికుళం కాంప్లెక్స్ పాత పుస్తకాల కొట్లలో ఒకటీ అరా దొరికేవి, మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ కొట్లవాళ్ళకి ఇచ్చిన చోటు అది. అవి చదవడానికి హాయిగా ఉంటాయి. కానీ నేను చదివినంతలో మన డిటెక్టివ్ నవలల్లో మాయమయ్యేది డబ్బున్నవాళ్ళ కూతురో, భార్యో. అమ్మ మాయమైతే ఇంట్లో ఏం జరుగుతుందో రాసినది నాకు ఇంకా దొరకలేదు. మన దగ్గర ఆ కథకి కావలసినంత సరుకు ఉంది. ఏడేళ్ళు ఒక మనిషి జాడ, కబురు లేకపోతే చనిపోయినట్టు కోర్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఆ ఏడేళ్ళ లెక్క అలాగే ఉంది. అమ్మ పేరు మీద ఊళ్ళో రెండెకరాలు ఉండి, మామయ్యలు ఆ ఏడేళ్ళు ఎప్పుడు నిండుతాయా అని చూస్తుంటే, కూతురు ఒక్కతే ఆమె బతికే ఉందని నమ్ముతుంటే ఎలా ఉంటుంది? ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

అన్నట్టు, నవలల్లో, సినిమాల్లో "ఇరవై నాలుగు గంటలు ఆగండి" అనే పోలీసులు కనపడుతుంటారు, అది చూసి నిజంగా ఆగేవాళ్ళు ఉన్నారు. అలాంటి రూలేదీ లేదు. మనిషి కనపడకపోతే వెంటనే వెళ్ళండి, లేదా 112కి ఫోన్ చేయండి. మేం సాయంత్రం దాకా ఆగడమే తప్పు.

మీరు ఎలాగూ రక్తపాతం వద్దన్నారు కాబట్టి షిన్‌తో మొదలుపెట్టి, తర్వాత మోరియార్టీ, ఆ తర్వాత సెంపుల్, ఫెరాంతే ఆఖరున. మొదటిది రైల్లో చదవకండి, ఇంట్లో చదవండి, మధ్యలో లేచి ఎవరికైనా ఫోన్ చేయాలనిపిస్తుంది. పెద్దమ్మ ఇప్పుడు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటోంది. అమ్మ లెక్కల పుస్తకంలో "పె." ఇంకా ఉంది, ఈ నెల 2,000.