డ్రెయిన్ బోల్ట్ మరలు పోతే ఇంజిన్ కేస్ మార్చాలా?

బైకుకి ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్ట్ (ఇంజిన్ కింద పాత ఆయిల్ దింపడానికి విప్పే బోల్ట్) బిగవకుండా ఉత్తినే తిరుగుతోంది, మెకానిక్ ఏమో కేసే మార్చాలంటున్నాడు, నిజమేనా అని అడిగారు కదా. తొందరపడి ఒప్పుకోకండి. కేస్ పగలకుండా లోపలి మరలు మాత్రమే పోతే చాలావరకు బాగుచేయించుకోవచ్చు.

నాకూ ఇదే జరిగింది. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే నా 150 సీసీ బండికి నేనే ఆయిల్ మార్చుకుంటా, ఆ రోజు పాత వాషరే మళ్లీ వేశా, బిగించాక చుక్క చుక్కగా కారుతుంటే ఇంకొంచెం ఇంకొంచెం అంటూ పొడుగు స్పానర్‌తో లాగుతూ పోయా, గట్టిగా ఉన్నది కాస్తా ఒక్కసారి మెత్తగా జారిపోయింది. ఊడదీసి చూస్తే బోల్ట్ మరల్లో అల్యూమినియం సన్నటి స్ప్రింగ్‌లా చుట్టుకుని వచ్చింది. ప్రాణం ఉసూరుమంది. బోల్ట్ స్టీలు, కేస్ అల్యూమినియం, బలం చూపిస్తే పోయేది కేసే. కారితే వాషర్ మార్చాలి గానీ బిగింపు పెంచకూడదండీ.

బండిని ఆటోలో జేసీ రోడ్డు పక్క సందులో ఒక లేత్ షాపుకి తీసుకెళ్లా. ఆయన రంధ్రం కాస్త పెద్దది చేసి, మరలు కోసే పనిముట్టు ట్యాప్‌తో కొత్త మరలు కొట్టి, అందులో హెలికాయిల్ అనే స్టీలు తీగ చుట్ట దింపాడు, నా పాత సైజు బోల్టే, అదే ఎం12 (12 మిల్లీమీటర్ల లావు), పిచ్ 1.5 (మరకీ మరకీ మధ్య దూరం), మళ్లీ పట్టింది. దగ్గరుండి చేయించుకోండి, ఎందుకంటే డ్రిల్ వంకరగా దిగితే వాషర్ సరిగ్గా కూర్చోదు, మళ్లీ కారుతుంది. ట్యాప్ గాడుల్లో గ్రీజు పూయమనండి, కోసిన అల్యూమినియం పొట్టు దానికే అంటుకుంటుంది. అయినా కొంత లోపల పడుతుంది, అల్యూమినియం కాబట్టి మాగ్నెట్‌కి రాదు, అందుకే బోల్ట్ పెట్టకుండా పైనుంచి అర లీటర్ చవక ఆయిల్ పోసి కడిగించా, ఇది మాత్రం వదలకండి, ఆ పొట్టు ఆయిల్ పంపులోకి వెళ్తే అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

ఓవర్‌సైజ్ బోల్ట్, అంటే కాస్త లావుది, చవకే, కానీ అది తన దారి తనే కోసుకుంటూ వెళ్తుంది, పల్చటి కేస్ పగిలే ప్రమాదం ఉంది, నేనైతే వేయించను. టెఫ్లాన్ టేపు, ఎంసీల్ పెట్టి నడపడం అసలొద్దు, బోల్ట్ ఊడితే ఆయిల్ వెనక టైరు మీదే పడుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద అలా జరిగితే ఊహించుకోండి.

ఇకమీదట ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి, బోల్ట్, రంధ్రం గుడ్డతో తుడవండి, మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి, చేతికి అడ్డం పడితే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి, స్పానర్‌తో మాత్రం తొయ్యొద్దు. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. ఎంత బలంతో బిగించాలో, అంటే టార్క్, మీ మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న బైకులకి ఎక్కువగా 20-30 న్యూటన్ మీటర్ల మధ్యే, చేతికి అది చాలా తక్కువ అనిపిస్తుంది, అయినా అక్కడే ఆపేయాలి.

రిపేరైన రాత్రి బండి కింద పేపర్ పరిచి పెట్టా, పొద్దున చూస్తే ఒక్క మచ్చ లేదు. తర్వాత నాలుగుసార్లు ఆయిల్ మార్చా, ఇప్పటికీ అదే కాయిల్.