తూటాలు ఇంట్లో నింపుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను, గ్రీన్ కార్డ్ ఉంది. 9 ఎంఎం పిస్టల్, 308 రైఫిల్ ఉన్నాయి. వారం వారం షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటే తూటాల ఖర్చు తడిసి మోపెడవుతోంది. పేల్చాక మిగిలే ఇత్తడి కేసులు ఏరుకొచ్చి ఇంట్లోనే నింపుకుంటే బాగా కలిసొస్తుందంటున్నారు. గరాజ్‌లో గన్ పౌడర్ అనేసరికి మా ఆవిడ ససేమిరా అంటోంది. హెచ్1బి మీద ఉన్న మా బావమరిది సగం ఖర్చు తను పెట్టుకుని కలిసి చేద్దామంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: పన్నెండేళ్లుగా మా గరాజ్‌లో నింపుకుంటున్నానండి. మీ రెండు తుపాకులకీ లెక్క వేరు. తూటాలో గొట్టం లాంటి ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, ముందు ఎగిరి వెళ్లే బుల్లెట్ ఉంటాయి. మళ్లీ పనికొచ్చేది కేసు ఒక్కటే, మిగతా మూడూ కొనాలి. ఈ మధ్య నేను కొన్న ధరల్లో 9 ఎంఎంకి ఆ మూడూ కలిపి 21 సెంట్లు పడ్డాయి. షాపులో తయారు తూటా 25 సెంట్లకి దొరికింది. అంటే నాలుగు సెంట్ల మిగులు. కేసు నొక్కి బుల్లెట్ బిగించే ప్రెస్, దానిలో పెట్టే అచ్చులు (డైలు), తూకం, కొలతకి క్యాలిపర్ అన్నీ కలిపి 450 డాలర్లు అనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావాలంటే పదకొండు వేల తూటాలు దాటాలి. మీరు గంటల తరబడి కూర్చునే శ్రమ ఇందులో వెయ్యలేదు. 9 ఎంఎం కోసమైతే వద్దనే చెప్తాను.

308 మ్యాచ్ తూటాల (గురి పోటీలకి వాడేవి) సంగతి అలా కాదు. షాపులో ఒక్కోటి డాలరున్నర పైమాటే. ఇంట్లో బుల్లెట్ 48 సెంట్లు, ప్రైమర్ 8, పౌడర్ 29, మొత్తం 85 సెంట్లలో అయిపోతోంది. ఏడు వందల తూటాలకి సామాను ఖర్చు వచ్చేస్తుంది. పైగా గురి కుదురుతుంది. నాకైతే డబ్బు కన్నా అదే ముఖ్యం.

కానీ ఒక్కటి వినండి. రెండో ఏడాదిలో పౌడర్ పోస్తుండగా ఫోన్ వస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చి, ఆ వరసలో అన్నిట్లో పోసేశాననుకుని బుల్లెట్లు బిగించేశాను. ఆదివారం రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కితే ధన్‌మనాల్సింది టప్‌మంది. పక్క లేన్‌లో మా అబ్బాయి. తుపాకీ దించి, విప్పి చూస్తే, ప్రైమర్ ఊపుకే కదిలిన బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. వెంటనే ఇంకోటి పేల్చి ఉంటే బ్యారెల్ పగిలేది. ఆ రోజు నుంచీ యాభై కేసులు ట్రేలో నిలబెట్టి, టేబుల్ లైటు వంచి, ఒక్కో దాంట్లోకీ తొంగి చూశాకే బుల్లెట్ పెడుతున్నాను. పక్కవాటికన్నా పౌడర్ మట్టం ఎక్కువున్నా తక్కువున్నా ఆ కేసు ఖాళీ చేసేస్తాను. పౌడర్ కొలత మాత్రం అచ్చయిన లోడింగ్ మాన్యువల్‌లో ఉన్నదే, అదీ అందులో చెప్పిన అతి తక్కువ దగ్గర మొదలుపెట్టండి. ఎవరో చెప్పిన కొలత ఎప్పుడూ వాడకండి.

మీ ఆవిడ భయంలో న్యాయముంది. పౌడర్‌నీ ప్రైమర్లనీ కంపెనీ డబ్బాల్లోనే, విడివిడిగా, వాటర్ హీటర్‌కి దూరంగా, తాళం వేసి పెట్టండి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో పిల్లలుంటే ఆ బట్టలు కూడా విడిగా ఉతకండి. ఇవన్నీ కుదరవంటే ఆవిడ మాటే వినండి.

బావమరిదిని మాత్రం కలుపుకోవద్దు. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. ఆ చట్టం లెక్కలో కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా తూటా కిందే వస్తాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అడుగు వెయ్యొద్దు. సొంత వాడకానికి నింపుకోవడానికి మీకు ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. నింపి అమ్మాలంటే కావాలి. అందుకే ఆయన దగ్గర డబ్బు తీసుకోకండి.

ఇంకోమాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. మా ఇంట్లో ఆ బ్యాగ్ గరాజ్ తలుపు దాటి లోపలికి రాదు.