సాధనలకు ‘ఆందోళన’ ఎందుకు?

సందేహం: ‘రెండో తరగతి అరేఖీయ అవకలన సమీకరణాల సాధనల ఆందోళన’ అని వ్యాసానికి (నాన్-లీనియర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ల సొల్యూషన్లు, అంటే సాధనలు, ఊగే తీరు గురించి) పేరు పెడితే మిత్రులు నవ్వారు. ‘డోలాయమాన సాధనలు’ అనమని ఒకరి సలహా. ఏది సరైనది? (ఒక గణిత విద్యార్థి, తార్నాక, హైదరాబాద్)

సమాధానం: సంస్కృతంలో ఆందోళనమంటే ఊగడమే. తెలుగులో ఆ అర్థం చెదిరిపోయింది. ఇప్పుడది మనసులోని దిగులు, లేదా ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో జరిగేది. నవ్వరూ మరి! భౌతికశాస్త్ర పాఠాల్లో స్థిరపడ్డ మాట డోలనం. డోల అంటే ఉయ్యాల.

‘డోలాయమానం’ వ్యాకరణరీత్యా తప్పు కాదు, ‘ఉయ్యాలలా ఊగుతున్న’ అని అర్థం. కానీ తెలుగులో అది మనసుకే అంటుకుపోయింది. పైగా అందులోని శానచ్ ప్రత్యయం (చివరి ‘మాన’) జరుగుతున్న పనిని చెబుతుంది. గణితం చెప్పేది స్వభావాన్ని: ఎంత దూరం వెళ్లినా, ఆ తర్వాత కూడా సాధన సున్నా అవుతూనే ఉంటుందని. కాబట్టి ‘డోలనశీల’ అనండి. కానిదాన్ని ‘డోలనరహిత’ అంటే చాలు. ‘ఆవర్తన’ (పీరియాడిక్) మాత్రం వద్దు. ఊపులు సమానంగా, సున్నాల మధ్య ఎడం ఒకేలా ఉండాలన్న నియమం ఇక్కడ లేదు.

అసలు చిక్కు విశేషణాన్ని దేనికి తగిలించాలన్నది. కుడివైపు సున్నా ఉన్న రెండో పరిమాణపు రేఖీయ సమీకరణంలో, గణితజ్ఞుడు స్టర్మ్ 1836లో చూపినట్టు, సున్నా కాని ఒక సాధన డోలనశీలమైతే మిగతావీ అంతే. అక్కడ ‘డోలనశీల సమీకరణం’ అన్నా చెల్లుతుంది. అరేఖీయంలో ఆ భరోసా లేదు. కడ్డీ లోలకాన్నే చూడండి: థీటా రెండో అవకలజం (డెరివేటివ్) + సైన్ థీటా = 0. థీటా అంటే కిందికి వేలాడే స్థితి నుంచి కడ్డీ తిరిగిన కోణం. అడుగున 2 కన్నా తక్కువ వేగంతో (ఈ సమీకరణపు కొలతల్లో) నెడితే అటూ ఇటూ ఊగుతుంది. 2 దాటిందా, పైనుంచి గిర్రున తిరుగుతుంది. థీటా పెరుగుతూనే పోతుంది, మళ్లీ సున్నాకు రాదు. సరిగ్గా 2 అయితే పైకొన వైపు పాకుతూనే ఉంటుంది, చేరదు. సమీకరణం ఒక్కటే, సాధనల తీరు వేరు. అందుకే విశేషణం సాధనకే చెందాలి. ‘డోలన సాధన’ అన్నా కుదరదు, ఊగడం ప్రాక్టీసు చేస్తున్నట్టుంటుంది!

‘రెండో తరగతి’ కూడా పొరపాటే, బడిపిల్లలు గుర్తొస్తారని కాదు. ఇంటర్ పాఠ్యపుస్తకాల పరిభాషలో ఎన్నో అవకలజం దాకా ఉందో అది పరిమాణం, ఆ అత్యున్నత అవకలజం ఘాతం తరగతి. పై లోలకానికి పరిమాణం 2, తరగతి 1. ‘ద్విపరిమాణ’ అని కుదించకండి, పొడవు వెడల్పుల లెక్క అనుకుంటారు.

మీ శీర్షిక ఇలా మార్చుకోండి: ‘రెండో పరిమాణపు అరేఖీయ అవకలన సమీకరణాలు: సాధనల డోలనశీలత’.