అబ్బాయి ఆర్మీ ఇంజినీర్ అవుతానంటున్నాడు.. సరిహద్దుకు పంపుతారా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఆర్మీలో ఇంజినీర్ ఆఫీసర్ అవుతానని పట్టుబట్టాడు. మాకు ఒక్కగానొక్క కొడుకు. ఇంజినీరింగ్ విభాగంలో అంతా ఆఫీసు పనేనని, సరిహద్దుకు పంపరని బంధువులు చెబుతున్నారు. నిజమేనా? ఇంటర్ తర్వాత నేరుగా ఆర్మీలోకి తీసుకునే టీఈఎస్ (టెక్నికల్ ఎంట్రీ స్కీమ్)లో చేరడం మంచిదా, బీటెక్ చేశాక వెళ్లడం మంచిదా? - ఓ తల్లి

జవాబు: అమ్మా, రెండో ప్రశ్నకు జవాబు తేలిక. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మొదటిదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ బంధువులు చెప్పింది తప్పు. కోర్ ఆఫ్ ఇంజినీర్స్ యుద్ధరంగంలో పనిచేసే విభాగం. పదాతి దళం, ట్యాంకులు ముందుకు కదలాలంటే మందుపాతరలు తీసి దారి చేయాల్సింది, కాలువలపై వంతెన వేయాల్సింది వీళ్లే. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్లే దారిలో కాల్పుల మధ్యే మందుపాతరలు, అడ్డంగా కూల్చిన చెట్లు తొలగించి ట్యాంకులను నడిపించిన సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే ఇంజినీర్ ఆఫీసరే. పరమవీర చక్ర అందుకున్నారు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌కు ఏసీ గదిలో డ్రాయింగులు ఇస్తారనుకోవద్దు. ముందుగా సైనికుల్ని అప్పగిస్తారు.

అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నా. 'ఇది సేఫ్ బ్రాంచి, ఇందులో చేరు' అని బాబుకు నచ్చజెప్పకండి. మీ భయాన్ని మోసుకుని ఎస్‌ఎస్‌బీకి (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) వెళ్లినవాడు అక్కడ నిలబడలేడు. సైకాలజిస్టు, గ్రూపు పరీక్షల అధికారి, ఇంటర్వ్యూ చేసే అధికారి ముగ్గురూ విడివిడిగా అంచనా వేస్తారు, చివరిరోజు కాన్ఫరెన్స్‌లో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తారు. అరువు తెచ్చుకున్న కోరిక ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

అలాగని రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకాలనీ కాదు. సరిహద్దు వంటి చోట్ల ఫీల్డ్ పోస్టింగులు, మామూలు కంటోన్మెంట్లలో పీస్ స్టేషన్లు మారుతూ ఉంటాయి. పీస్ స్టేషన్లో కుటుంబంతో ఉండవచ్చు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. పరిస్థితిని బట్టి మంజూరు చేస్తారు గానీ ఇంటి ముఖం చూడని ఉద్యోగమైతే కాదు. పనిలో ఎక్కువ భాగం దారులు, హెలిప్యాడ్లు, మంచినీళ్లు, బంకర్లు, వంతెనలే. సర్వీసు పెరిగేకొద్దీ కంటోన్మెంట్ల నిర్మాణం చూసే ఎంఈఎస్‌లో గ్యారిసన్ ఇంజినీరుగా, సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓలో ఆఫీసరుగా అవకాశాలు వస్తాయి. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెనను (ముక్కలుగా తెచ్చి బిగించే ఉక్కు వంతెన) ఒకటిన్నర రోజులోపే నిలబెట్టింది మద్రాస్ సాపర్లు, అంటే కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌లోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సైనికులు. అక్కడ పని నడిపించినవారిలో మేజర్ సీతా షెల్కే ఒకరు. మీ అబ్బాయి కళ్ల ముందున్నది ఇలాంటి పని అయ్యుండొచ్చు. ఒకసారి అడిగి చూడండి.

ఇక టీఈఎస్. దీనికి ఆర్మీ వేరే రాతపరీక్ష పెట్టదు, జేఈఈ మెయిన్ మాత్రం రాసి ఉండాలి. ఎంపీసీ సబ్జెక్టుల్లో 60 శాతం ఉండాలి, ఆ లెక్కలో రెండో ఏడాది మార్కులే చూస్తారు. ఒక్కో బ్యాచ్‌కు 90 వరకు ఖాళీలు. మొత్తం నాలుగేళ్లలో మొదటి మూడేళ్లు ఇంజినీరింగ్, చివరి ఏడాది డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో శిక్షణ. చదువు, బస, భోజనం ప్రభుత్వానివే. నెలకు 56,100 స్టైపెండ్ మాత్రం మూడేళ్లు పూర్తయ్యాకే మొదలవుతుంది. 'ఉచిత బీటెక్' అనుకుని చేరి, ఉండలేక మధ్యలో వచ్చేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి. ఇంజినీర్స్, సిగ్నల్స్ (సమాచార వ్యవస్థల విభాగం), ఈఎంఈ మూడింటిలో ఏది అన్నది పూర్తిగా అతని చేతిలో ఉండదు. సికింద్రాబాద్ ఎంసీఈఎంఈలో సీటొస్తే ఇంటికి దగ్గరని సంబరపడేవారున్నారు. అది వాహనాలు, ఆయుధాలు, రాడార్ల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగపు కాలేజీ.

బీటెక్ తర్వాత టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు) ద్వారా వెళితే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా సర్వీసు వస్తుంది. కానీ ఈమధ్య బ్యాచ్‌కు 30 ఖాళీలే, అందులో సివిల్‌కు పది లోపు. ఎస్‌ఎస్‌సీ టెక్‌ (ఇంజినీర్లకు షార్ట్ సర్వీస్ కమిషన్)లో 350కి పైగా ఉంటాయి. అయితే అది పదేళ్ల సర్వీసు, మరో నాలుగేళ్లు పొడిగించవచ్చు. పర్మనెంట్ కమిషన్ రాకపోతే పింఛను ఉండదు. ఫైనలియర్ వాళ్లను ఆరో సెమిస్టర్ వరకు వచ్చిన మార్కులతోనే షార్ట్‌లిస్ట్ చేస్తారు కాబట్టి మొదటేడాది బ్యాక్‌లాగులు అప్పుడు బయటికొస్తాయి. డిగ్రీ బ్రాంచి పేరు నోటిఫికేషన్ పట్టికలో ఉండాలి. కొత్తకొత్త పేర్ల కోర్సులో చేరేముందు పాత నోటిఫికేషన్ తీసి చూడండి.

ఇప్పుడు ఊరూరా నడుస్తున్న 'ఇంటర్ ప్లస్ డిఫెన్స్ అకాడమీ' గురించి. నాకు దాని మీద నమ్మకం లేదు. రాతపరీక్షే లేని టీఈఎస్‌కు రెండేళ్లు ఏం నేర్పుతారు? బొమ్మ చూసి కథ రాసే పరీక్షకు కథలు, పదిహేను సెకన్లకో మాట చొప్పున వచ్చే అరవై మాటలకు వాక్యాలు బట్టీ పట్టిస్తారు. ఒకే హాల్లో నేర్చినవాళ్లంతా ఒకే కథ రాస్తే అది చదివే సైకాలజిస్టుకు తెలియకుండా ఉంటుందా? ఈలోగా ఫిజిక్స్, మ్యాథ్స్ చేజారతాయి. టీఈఎస్ కోసం ఏడాది డ్రాప్ చేయించడం ఇంకా ప్రమాదం. వయసు పరిమితి పందొమ్మిదిన్నరే. ఆ ఫీజు మిగుల్చుకోండి. రోజూ ఇంగ్లిష్ పేపరు చదివి అందులోని విషయం పైకి మాట్లాడడం, జట్టుగా ఆడే ఆట ఒకటి, పరుగు.. ఇవి చాలు. ఎస్‌ఎస్‌బీ పద్ధతి అలవాటు కావడానికి రెండు మూడు వారాల శిక్షణ చాలు.

టీఈఎస్‌కు దరఖాస్తు చేయించండి, దాంతోపాటే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో బీటెక్ సీటూ తీసుకోండి. కోర్ ఆఫ్ ఇంజినీర్సే కావాలంటే సివిల్ మేలు. టీఈఎస్ రాకపోయినా చదువు ఆగదు, మూడేళ్లలో టీజీసీ, ఎస్‌ఎస్‌సీ తలుపులు తెరుచుకుంటాయి. పైకి వెళ్లే దారి గురించి మాత్రం అబ్బాయికి ముందే చెప్పండి. పర్మనెంట్ కమిషన్‌లో లెఫ్టినెంట్ కల్నల్ వరకు సర్వీసును బట్టి పదోన్నతి వస్తుంది, 13 ఏళ్లు పడుతుంది. కల్నల్ నుంచి ఎక్కువగా ఎంపికే. చాలామంది అక్కడ ఆగిపోతారు.

అతనికి కావాల్సింది రోడ్లు, వంతెనల పనే, యూనిఫాం కాదని తేలితే బీటెక్ తర్వాత యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ రాయవచ్చు. ఎంఈఎస్‌లో సివిలియన్ ఆఫీసర్లు ఆ దారిలోనే వస్తారు.

ఈ నెలలో ఒక పని చేయండి. కంటి డాక్టరు దగ్గర చూపు, రంగుల గుర్తింపు. మామూలు డాక్టరు దగ్గర మోకాళ్లు ఒరుసుకోవడం, చదును పాదం, ముక్కు దూలం వంకర, చెవులు చూపించండి. ఎస్‌ఎస్‌బీ గెలిచి మెడికల్‌లో ఆగిపోయే పిల్లలున్నారు. అద్దాలు తీసేయడానికి తొందరపడి లేసిక్ చేయించకండి. ఇరవై ఏళ్లు నిండకుండా చేయించుకుంటే అనర్హత. మెడికల్‌లో ఏదైనా తేడా వస్తే 42 రోజుల్లోగా అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లవచ్చు. ఆ గడువు దాటనివ్వకండి.